ఐరిష్ పూర్వీకుల కోసం రెండు ఉచిత సైట్లు: దేన్ని ఎంతవరకు నమ్మాలి

ఐర్లండ్‌లో 19వ శతాబ్దపు జనాభా లెక్కలు దాదాపు మిగల్లేదు. కొన్నిటిని ప్రభుత్వమే నాశనం చేసింది, మిగతావి 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ మంటల్లో కాలిపోయాయి. ఇక భూమి పన్ను పుస్తకాలు, చర్చి రిజిస్టర్లే దిక్కు. రెండూ ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు.

ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైట్‌లో గ్రిఫిత్స్ వాల్యుయేషన్ (1847–64), అంటే పన్ను వేయడానికి దేశమంతా భూములకు, ఇళ్లకు విలువ కట్టిన పుస్తకం ఉంది. పేరు కొడితే సాగుదారు, అతనికి కౌలుకిచ్చినవారు, టౌన్‌ల్యాండ్ (ఐర్లండ్‌లో అతి చిన్న భూవిభాగం, మన పల్లెలాంటిది), విస్తీర్ణం, పన్ను కోసం కట్టిన విలువ వస్తాయి. భార్యాపిల్లల పేర్లుండవు. అయినా ఇది చాలా గట్టి ఆధారం. ఒకే ఊళ్లో ఒకే పేరు వాళ్లు ఇద్దరుంటే పక్కన బ్రాకెట్లో తరచుగా తండ్రి పేరు వేశారు, అంటే ఒక తరం వెనక్కి తెలిసినట్టే. అందుకే సెర్చ్ ఫలితంతో ఆగకుండా స్కాన్ పేజీ తెరవండి. మ్యాపులతో మాత్రం జాగ్రత్త, కొన్ని ఆ పుస్తకం తర్వాతి కాలానివి కాబట్టి ప్లాటు నంబర్లు కలవవు.

విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పర్చ్‌లలో ఉంటుంది. రూడ్ అంటే మన 25 సెంట్లు, తెలంగాణ లెక్కలో 10 గుంటలు; పర్చ్ అంటే రూడ్‌లో 40వ వంతు. అంతకు ముందరి టైత్ (చర్చికి కట్టే భూమి పన్ను) పుస్తకాల్లో (1823–37) చాలాచోట్ల ఐరిష్ ఎకరాలు వాడారు. ఒక ఐరిష్ ఎకరం దాదాపు 1.62 మామూలు ఎకరాలు. అక్కడ 5 ఎకరాలున్న కుటుంబానికి గ్రిఫిత్స్‌లో 8 కనిపిస్తే పొలం కొన్నారని అనుకోకండి, కొలత మారిందంతే.

రెండోది ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ పెట్టిన కాథలిక్ రిజిస్టర్లు, సుమారు 1880 వరకు. ఈ సైట్‌లో పేరుతో వెతకలేం. పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) ఎంచుకుని, సంవత్సరం, నెల పట్టుకుని పేజీలు తిప్పాల్సిందే. మైక్రోఫిల్మ్ నుంచి తీసిన బొమ్మలు కాబట్టి కొన్ని పేజీలు బాగా మసక. చాలాచోట్ల పేర్లు లాటిన్‌లో ఉంటాయి: జాకోబస్ అంటే జేమ్స్, గులియెల్మస్ అంటే విలియమ్.

ఎక్కువమంది తప్పిపోయేది పారిష్ దగ్గరే. గ్రిఫిత్స్‌లో ఉండేది సివిల్ పారిష్ (ప్రభుత్వ లెక్కల విభాగం), ఇక్కడ ఉండేది కాథలిక్ పారిష్. పేర్లు, సరిహద్దులు చాలాచోట్ల వేరు. టౌన్‌ల్యాండ్ పేరు పట్టుకుని అది ఏ కాథలిక్ పారిష్ కిందికొస్తుందో ముందు తేల్చుకోండి. బాప్టిజం ఎంట్రీలో తల్లి పుట్టింటి పేరు, ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా ఉంటాయి. ఆ జ్ఞాన తల్లిదండ్రుల ఇంటిపేర్లు గ్రిఫిత్స్‌లో అదే టౌన్‌ల్యాండ్‌లో కనిపిస్తే మీరు సరైన కుటుంబం దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ.

1864 నుంచి, వందేళ్లు దాటిన జననాలకైతే ఈ తిప్పలు పడక్కర్లేదు. ఐరిష్ జీనియాలజీ సైట్‌లో ప్రభుత్వ రిజిస్టర్ స్కాన్లు పేరుతోనే దొరుకుతాయి, అదీ ఉచితమే.