కోపర్నికస్ ర్యాపిడ్ మ్యాపింగ్: చిన్న ద్వీపదేశాలకు ఎంతవరకు పనికొస్తుంది?

2012 ఏప్రిల్ నుంచి రాత్రీపగలూ నడుస్తున్న యూరోపియన్ యూనియన్ సేవ ఇది. విపత్తు వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి నష్టం మ్యాపులు తీసి ఉచితంగా ఇస్తుంది. ఉచితమే గానీ ఎవరు పడితే వాళ్లు అడగడానికి లేదు. పసిఫిక్‌లోని వనువాటు, టోంగా లాంటి దేశాలు ఐక్యరాజ్యసమితి సంస్థ ద్వారానో, యూరోపియన్ యూనియన్ (ఈయూ) ప్రతినిధి కార్యాలయం ద్వారానో అడిగించుకోవాలి. ఆ ఫోన్ నంబర్లు తుపానుల కాలానికి ముందే దగ్గర ఉండాలి.

దరఖాస్తులో పొరపాటు జరిగేది ఎక్కువగా మ్యాపు కావాల్సిన పరిధి గీసేటప్పుడే. దేశం మొత్తానికి ఒకే పెద్ద చతురస్రం గీస్తే అందులో చాలా భాగం సముద్రమే. వనువాటులో 80కి పైగా దీవులున్నాయి, ఒక ఉపగ్రహం ఒక్క విడతలో అన్నిటినీ తీయలేదు. ఊళ్లున్న తీరాల చుట్టూ చిన్న పాలిగన్లు (మూసిన హద్దు గీతలు) గీసి, ఏది ముందు కావాలో వరుస రాసివ్వాలి.

ఇన్ని గంటల్లో మ్యాపు ఇస్తామన్న హామీ చూసి మురిసిపోవద్దు. ఆ గడువు చిత్రం వాళ్ల చేతికి అందాక మొదలవుతుంది, దరఖాస్తు పెట్టిన క్షణం నుంచి కాదు. మబ్బు వీడకపోతే మామూలు చిత్రాలు పనికిరావు. ఈయూ ఉపగ్రహం సెంటినెల్-1లోని రాడార్‌కు మబ్బు అడ్డు కాదు. బయళ్లలో నిలిచిన నీటిని బాగానే పట్టేస్తుంది, ఇళ్ల మధ్య, చెట్ల కింద ఉన్న నీటిని మాత్రం తరచూ వదిలేస్తుంది. డొమినికా లాంటి కొండల దీవిలో కొన్ని లోయలు రాడార్ నీడలోనే, అంటే కొండ అడ్డుపడి తరంగాలు చేరని చోటే, ఉండిపోతాయి. పైగా దాని చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 10 మీటర్లు, అందులో ఒక్కో ఇంటి నష్టం తేలదు. దానికి వాణిజ్య ఉపగ్రహాల చిత్రాలే దిక్కు.

నష్టం తీవ్రత చూపే గ్రేడింగ్ మ్యాపులో ఇళ్లను ధ్వంసమైనవి, దెబ్బతిన్నవి, బహుశా దెబ్బతిన్నవి అని విడదీస్తారు. అయితే పైనుంచి కనిపించేది కప్పు ఒక్కటే. కప్పు నిలిచి గోడలు బీటలిచ్చినా, లోపలికి ఉప్పునీరు చేరినా ఆ ఇల్లు బాగున్నట్టే లెక్కకు రావచ్చు. పడవలు ముందు ఎటు పంపాలో తేల్చుకోవడానికి ఈ మ్యాపు చాలు. పరిహారం జాబితాకు మాత్రం వాడకూడదు.

ఫిజీ వాళ్లకు ఇంకో తలనొప్పి. 180 డిగ్రీల రేఖాంశం తవేయుని దీవి మీదుగానే పోతుంది. వచ్చిన లేయర్‌ను (మ్యాపు మీద పరిచే నష్టం సమాచారాన్ని) అలాగే తెరిస్తే దేశం తెర రెండు చివర్లకూ చీలిపోతుంది. ఆ దేశపు సొంత కోఆర్డినేట్ పద్ధతి ఫిజీ మ్యాప్ గ్రిడ్‌లోకి (మ్యాపు సాఫ్ట్‌వేర్లలో దాని కోడ్ ఈపీఎస్‌జీ 3460) మార్చుకుంటే సరి.

2022 జనవరి 15 అగ్నిపర్వత విస్ఫోటనంలో టోంగా సముద్రగర్భ కేబుల్ తెగి, వారాల తరబడి ఇంటర్నెట్ సరిగా లేదు. అలాంటప్పుడు ఉపగ్రహ చిత్రాల కోసం పట్టుబట్టకుండా చిన్న వెక్టర్ ఫైళ్లే (చిత్రం లేకుండా గీతలు, బిందువులు మాత్రమే ఉండేవి) తెప్పించుకోవాలి. ఊళ్లు, దారులు చూపే బేస్ మ్యాపులను ముందే ఫోన్లలో, క్యూఫీల్డ్ అనే మ్యాపు యాప్‌లో దింపి ఉంచుకుంటే నష్టం లేయర్ ఒక్కటి అందినా పని సాగుతుంది.