పన్నెండేళ్లుగా ఫ్లికర్ కామన్స్‌తో: ఒక టీచరు అనుభవం

మా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే గది గోడకు ఒక పెద్ద రంగుల ఫోటో ఉంది. అమెరికాలోని నాష్‌విల్‌లో, వల్టీ విమానాల కర్మాగారంలో ఒక యువతి చేతి డ్రిల్లు పట్టుకుని వెంజన్స్ అనే బాంబర్ విమానానికి పని చేస్తోంది. 1943 ఫిబ్రవరిలో ఆల్ఫ్రెడ్ పామర్ తీసిన ఫోటో అది. బర్మా సరిహద్దులో మన వైమానిక దళం జపాన్ సేనల మీదికి నడిపిన విమానాల్లో ఈ రకానివీ ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతి చెప్పాక పిల్లలను ఈ ఫోటో దగ్గరకు తీసుకెళ్తాను. ‘ఆవిడ నిజంగా పని చేస్తోందా, ఫోటో కోసం నిలబడిందా టీచర్?’ అని ఒకమ్మాయి అడిగింది. యుద్ధ ప్రచారం కోసం దీపాలు అమర్చి తీసిన ఫోటో అమ్మా అని చెప్పాను. ఆ రోజు పాఠం ఆ ప్రశ్న చుట్టూనే నడిచింది.

ఈ ఫోటో నాకు దొరికింది ఫ్లికర్ కామన్స్‌లో. ఫ్లికర్ అనే ఫోటోల సైటులో గ్రంథాలయాలు, మ్యూజియాలు తమ పాత ఫోటోలను అందరికీ చూపించే విభాగం ఇది, ఫోటో కింద ఎవరైనా వ్యాఖ్య రాయవచ్చు. అమెరికా పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరి 16న సుమారు 3,000 ఫోటోలతో దీన్ని మొదలుపెట్టింది. తర్వాత ఎన్నో దేశాల గ్రంథాలయాలు, మ్యూజియాలు వచ్చి చేరాయి. పన్నెండేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఇక్కడ ఫోటోలు చూడటం సగం పనే. వాటి కింద జనం రాసినవి చదివితేనే మిగతా సగం పూర్తవుతుంది.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెట్టిన బెయిన్ న్యూస్ సర్వీస్ (పాతకాలపు అమెరికా వార్తా ఫోటోల సంస్థ) సేకరణే చూడండి. వందేళ్ల కిందటి వార్తా ఫోటోల గాజు నెగటివ్‌లు అవి. అప్పటి ఉద్యోగులు నెగటివ్ అంచున చేత్తో గబగబా రాసుకున్న పేరు ఫోటోలో తెల్లగా కనిపిస్తుంది. కొన్నింట ఇంటిపేరు మాత్రమే ఉంటుంది, కొన్నింట స్పెల్లింగే తప్పు. ఆ ఫోటోల కింద గ్రంథాలయం ఒక వాక్యం చేరుస్తుంది: ఈ శీర్షిక నెగటివ్ మీద ఉన్న సమాచారం నుంచి తీసుకున్నది, సరిచూసినది కాదు అని. అంత పెద్ద సంస్థ తనకు తెలియనిదాన్ని అలా బాహాటంగా ఒప్పుకోవడం చూసి మొదట్లో ఆశ్చర్యపోయాను, తర్వాత గౌరవం పెరిగింది. తెలిసినవాళ్లు చెప్పడానికి ముందుకొచ్చేది అందుకే. పాత దినపత్రికలు తిరగేసి, ఇదిగో ఫలానా రోజు, ఫలానా సభ అని ఆధారంతో సహా రాస్తారు. సిబ్బంది దాన్ని పరిశీలించి తమ కేటలాగులోకి ఎక్కిస్తారు. మొదటి పది నెలల్లోనే 500కు పైగా కేటలాగు వివరాలు ఇలా మెరుగుపడ్డాయి.

ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం పేజీ అంటే నాకు మరీ ఇష్టం. 2011లో చేరారు. ఫోటో పెట్టి, ఇది ఏ ఊరు, ఎప్పటిది అని అడుగుతారు. ఒకరు దుకాణం బోర్డు మీది పేరును పట్టుకుని 1911 జనాభా లెక్కల్లో ఆ కుటుంబాన్ని వెతుకుతారు. ఇంకొకరు ఇప్పటి వీధి చిత్రం పక్కన పెట్టి పొగగొట్టాలను పోల్చి చూస్తారు. సాయంత్రానికి ఆ వీధి మలుపు మన కళ్లకు కడుతుంది. నేను ఐర్లాండ్ చూడలేదు, అయినా ఆ వ్యాఖ్యలు చదవనిదే నాకు రోజు గడవదు.

లోపాలూ చెప్పాలి. బ్రిటిష్ లైబ్రరీ 2013 డిసెంబరులో పాత పుస్తకాల నుంచి పది లక్షలకు పైగా బొమ్మలు పెట్టింది. ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది ఉంటుంది గానీ బొమ్మలో ఉన్నది ఏమిటో చాలావాటికి రాసి లేదు. ఓపిక ఉంటే నిధి, లేకపోతే గడ్డివాములో సూది. ఒక సంస్థ పేజీలో (పేరు అనవసరం) నేను రాసిన వ్యాఖ్యకు నాలుగేళ్లయినా జవాబు రాలేదు. ఫోటోలు పెట్టి పట్టించుకోకుండా వదిలేస్తే, చెప్పాలనుకున్నవాళ్లకు నోరు మూతపడుతుంది. హక్కుల మాట కూడా జాగ్రత్తగా చదవాలి. కామన్స్ ఫోటోలకు ఉండే ‘తెలిసినంతవరకు కాపీరైట్ ఆంక్షలు లేవు’ అనే మాటకు గ్రంథాలయానికి తెలిసినంతవరకు అనే అర్థం, పూర్తి హామీ కాదు.

ఇదంతా ఒక ప్రైవేటు సంస్థ సైటు మీద ఉందన్న బెంగ నాకు ఉండేది. 2018లో ఫ్లికర్ చేతులు మారింది. ఉచిత ఖాతాలకు వెయ్యి ఫోటోల పరిమితి పెట్టినా, కామన్స్‌కు మినహాయింపు ఇచ్చారు. ఈ ఫోటోలను దీర్ఘకాలం కాపాడేందుకు తర్వాత ఫ్లికర్ ఫౌండేషన్ కూడా ఏర్పడింది. అప్పటి నుంచి నా మనసు కొంత కుదుటపడింది.

తరగతి కోసం అచ్చు వేయించాలంటే ఫ్లికర్‌లోని కాపీ కాకుండా, ఫోటో కింద ఇచ్చిన లింకు పట్టుకుని గ్రంథాలయం సొంత సైటులోని పెద్ద ఫైలు దించుకోండి. మా గోడ మీది ఫోటోకు అంత స్పష్టత అలాగే వచ్చింది. మన ఊళ్ల కోసం వెతికేవాళ్లు ఇప్పటి పేర్లతో ఆగిపోవద్దు. విజయవాడకు బెజవాడ (Bezwada), కాకినాడకు కొకనాడ (Cocanada), విశాఖకు వైజాగపటం (Vizagapatam), బందరుకు మసూలిపటం (Masulipatam) అని ఇంగ్లీషువాళ్లు రాసుకున్న పాత స్పెల్లింగులు కొట్టి చూడండి. ఏదైనా దొరికి, అది మీకు తెలిసిన చోటైతే కింద ఒక వాక్యం తప్పకుండా రాయండి.