రాజీ సొమ్ములో ‘జీతం’ వాటా: ఆరు రెన్యువల్స్ తర్వాత మా ఈపీఎల్ఐ పాలసీ

న్యూజెర్సీలో కన్సల్టింగ్ కంపెనీ నడిపేవాళ్లకు ఈపీఎల్ఐ (వివక్ష లాంటి ఆరోపణలతో ఉద్యోగులు వేసే కేసులకు యజమాని తీసుకునే బీమా) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రీమియం, లిమిట్ (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) లాంటివి బ్రోకరే చెబుతాడు. నా పేచీ ఒక్కచోటే. ఉద్యోగి వేసిన కేసు రాజీ అయ్యాక, ఆ సొమ్ములో డబ్ల్యూ-2 (జీతాన్నీ, దాంట్లోంచి కోసిన పన్నునూ చూపే ఫారం) మీద వెళ్లే భాగం చూడగానే క్లెయిమ్స్ అడ్జస్టర్ (క్లెయిమ్ పరిశీలించే ఇన్సూరెన్స్ మనిషి) చెయ్యి వెనక్కి పోతుంది.

తీసేసిన ఉద్యోగి వివక్ష ఆరోపణ చేస్తే, రాజీ మొత్తం మామూలుగా మూడు ముక్కలవుతుంది. అవతలి లాయరు ఫీజు, మనోవేదనకు పరిహారం 1099 (జీతం కాని చెల్లింపులు చూపే ఫారం) మీద పోతాయి. జీతం కింద ఇచ్చేది డబ్ల్యూ-2 మీద, పన్ను కోసుకుని పోతుంది. గొడవ ఈ మూడో ముక్కతోనే. అందులో రెండు రకాల జీతాలు ఉండొచ్చు. తీసేయకపోయి ఉంటే ఆ తర్వాతి నెలల్లో వచ్చి ఉండేది ఒకటి, దాన్ని బ్యాక్ పే అంటారు. ఉద్యోగంలో ఉన్న రోజులకు మనం ఎగ్గొట్టిన బాకీ రెండోది. మొదటిది పాలసీలో ‘లాస్’ (బీమా కంపెనీ చెల్లించే నష్టం) నిర్వచనంలోనే ఉంటుంది. రెండోది కవర్ కాదు, ఎందుకంటే అది మనం ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బు. పన్ను కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మన కంపెనీల్లో ఈ రెండోది ఎక్కడ పుడుతుందో తెలిసిందే: బెంచ్, అంటే ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య ఖాళీగా ఉండే కాలం. హెచ్-1బీ మనిషికి ప్రాజెక్టు లేదని జీతం ఆపడం కుదరదు. దేశంలో దిగిన 30 రోజుల్లోగా, ఇక్కడే ఉండి స్టేటస్ మారితే 60 రోజుల్లోగా జీతం మొదలవ్వాల్సిందే. వివక్ష కేసులోనే బెంచ్ బాకీని కూడా కలిపి వేస్తారు, రాజీ రెంటికీ కలిపి ఒకేసారి కుదురుతుంది.

అంకెల్లో చూడండి (గుండ్రంగా వేశాను). రాజీ 90,000 డాలర్లు. అందులో 30,000 అవతలి లాయరుకు, 35,000 మనోవేదనకు, 25,000 డబ్ల్యూ-2 మీద. ఆ 25,000లో బ్యాక్ పే 18,000, బెంచ్ బాకీ 7,000. మొదటి జవాబులో ఇన్సూరెన్స్ వాళ్లు 25,000 మొత్తం తిరస్కరించారు, ‘వేజెస్’ మినహాయింపు కిందకు వస్తుందని. ఆ మినహాయింపు క్లాజు తీసి చదివితే, అది కనీస వేతనం, ఓవర్‌టైమ్ లాంటి వేతన చట్టాల కింద వచ్చే క్లెయిమ్‌లకు మాత్రమే. వివక్ష చట్టం కింద వచ్చే బ్యాక్ పేకి దానితో పని లేదు. రెండు క్లాజుల నంబర్లూ వేసి బ్రోకర్ ద్వారా రాతపూర్వకంగా అడిగితే 18,000 ఒప్పుకున్నారు. మిగిలిన 7,000 మన జేబులోంచే. డబ్ల్యూ-2 మొత్తం మీద యజమాని వాటా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం, అంటే ఇంకో 1,912.50 డాలర్లు. అది కూడా కవర్ కాలేదు.

అసలు తప్పు రాజీ పత్రంలో ఉంది. డబ్ల్యూ-2 భాగాన్ని ‘జీతం నిమిత్తం’ అని ఒకే గీతలో రాశారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ ఆరోపణకు అన్నది విడివిడిగా రాసి ఉంటే ఈ ఉత్తరాలు సగం తగ్గేవి. సంతకానికి ముందే ముసాయిదా అడ్జస్టర్‌కు పంపాలి, ఒప్పుకోలు ఈమెయిల్‌లో రావాలి. ఫోన్లో ‘కానివ్వండి’ అన్నది రాతపూర్వక సమ్మతి కింద లెక్కలోకి రాదు. మీడియేషన్ (మధ్యవర్తి దగ్గర రాజీ బేరం) రోజు సాయంత్రం ఐదింటికి అంకె కుదిరితే, ఇన్సూరెన్స్ వైపు ఒప్పుకునే అధికారం ఉన్న మనిషి అప్పటికి ఫోన్ ఎత్తాలి. ముందే మాట తీసుకోండి. బెంచ్ బాకీని మనోవేదన పేరుతో రాయించేద్దామని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఫిర్యాదులో ఆ బాకీ స్పష్టంగా రాసి ఉండగా పేరు మారిస్తే ఇన్సూరెన్స్‌తోనూ, ఐఆర్‌ఎస్‌తోనూ కొత్త తంటా.

మన తరఫు లాయరును ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారు, అతను బాగానే పని చేశాడు. కాకపోతే రిటెన్షన్ (పాలసీ మొదలయ్యే ముందు మనం భరించాల్సిన మొత్తం) 25,000 అయితే లాయరు బిల్లులో మొదటి 25,000 మనదే. పై కేసులో లాయరు ఖర్చు 38,000. అంటే రిటెన్షన్ అక్కడే అయిపోయి, వాళ్లు పెట్టింది 13,000. ఆ 13,000 లిమిట్‌లోంచి తరిగిపోతుంది. రాజీలో వాళ్లు ఇచ్చింది 83,000. అన్నీ కలిపితే మన చేతిలోంచి పోయింది 33,912.50 డాలర్లు.

వాళ్లు చెప్పిన అంకెకు మనం ఒప్పుకోకపోతే ఏమవుతుందో చెప్పే క్లాజును ‘హ్యామర్’ అంటారు. 60,000కు ఒప్పుకోమంటే మనం కాదన్నాం, చివరికి 100,000 అయిందనుకోండి. 80/20 ఉంటే పెరిగిన 40,000లో మన వాటా 8,000, 50/50 అయితే 20,000. అప్పటి నుంచి అయిన లాయరు ఖర్చు కూడా అదే నిష్పత్తి. రెన్యువల్‌లో అడిగితే మార్చే క్లాజుల్లో ఇదొకటి. ఈఈఓసీ (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) నుంచి చార్జ్ నోటీసు వస్తే అదే క్లెయిమ్, కోర్టు కాగితాల కోసం ఆగితే పాలసీ ఏడాది దాటిపోతుంది, ఇది అందరికీ తెలుసనే అనుకుంటాను.

నలభై మంది ఉద్యోగులు, అందులో సగం హెచ్-1బీ, క్లయింట్లు న్యూజెర్సీలో ఉన్న మా పరిస్థితికి ఈ పాలసీ ఉంచుకుంటున్నాం. ఫెడరల్ వివక్ష చట్టం టైటిల్ 7 కింద 15 నుంచి 100 మంది ఉన్న కంపెనీకి మనోవేదన, శిక్షా పరిహారం కలిపి 50,000 పరిమితి ఉంది. న్యూజెర్సీ వివక్ష చట్టంలో మనోవేదనకు అలాంటి పరిమితి లేదు. బెంచ్ మీద ఎవరినీ జీతం లేకుండా ఉంచని కంపెనీకి నా పేచీలో సగం అసలు వర్తించదు. వాళ్లు డబ్ల్యూ-2 గీత కన్నా హ్యామర్ శాతం మీదే బేరమాడుకోవచ్చు.