కట్టెల పొగకు ఏది మందు: నిషేధమా, పొగలేని పొయ్యా, చవక గ్యాసా?

చలికాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది: "చెత్త కాలిస్తే ఫైన్ వేస్తున్నారుగా, కట్టెల పొయ్యిని కూడా బంద్ చేస్తే పోదా?"

మొన్న డిసెంబరులో ఖమ్మం దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు నాకూ అదే అనిపించింది. ఐదున్నరకి అమ్మ పెరట్లో నీళ్ల పొయ్యి వెలిగించింది. మంచుకు నానిన కందికట్టె, మంటకన్నా పొగే ఎక్కువ. ఆ వేళప్పుడు నేల దగ్గరి గాలి చల్లగా బరువుగా ఉంటుంది కాబట్టి పొగ పైకి లేవదు. వీధంతా కిటికీ సజ్జల ఎత్తున తెల్లగా పరుచుకుంది, ఎనిమిదింటికి ఎండ పొడిస్తేగానీ కదల్లేదు. ఇంతా చేసి మా వంటింట్లో గ్యాస్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

నిషేధం సంగతి ముందు చూద్దాం. కెనడాలోని మాంట్రియల్లో 2018 అక్టోబరు 1 నుంచి గంటకు 2.5 గ్రాములకన్నా ఎక్కువ సూక్ష్మ ధూళి వదిలే కట్టెల పొయ్యిలు వాడకూడదు. కరెంటు మూడు గంటలకు మించి పోతే మాత్రం వెలిగించుకోవచ్చు. ఆ మినహాయింపులోనే గుట్టంతా ఉంది: అక్కడ ఇల్లు వెచ్చబెట్టడానికి కరెంటు ఉంది, అదీ జలవిద్యుత్తు, చవక. పొయ్యి వాళ్లకు చాలావరకు ముచ్చట. మా వీధిలో అదే రూలు పెడితే ఎవరు అమలు చేస్తారు? తెల్లారుజామున పంచాయతీ కార్యదర్శి వచ్చి పెరళ్లు తిరుగుతాడా?

పొగలేని పొయ్యి గురించి ఎక్కువ చెప్పను. 1980ల నుంచి 2002 దాకా కేంద్రం మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. పొగ గొట్టంలో మసి పేరుకుంటే పీకి పారేసిన ఇళ్లే నాకు తెలుసు. ఒకవేళ గొట్టం బాగానే పనిచేసినా, వంట చేసే ఆమె కళ్లలోంచి తీసిన పొగను పక్కింటి మీదికి వదులుతుంది, అంతే. ఊరి గాలికి ఒరిగేదేమీ లేదు.

ఇక డబ్బిచ్చి మార్పించడం. ఆస్ట్రేలియాలోని లాన్సెస్టన్ మా వీధిలాంటిదే, కాకపోతే ఊరంత పెద్దది: లోయలో ఉంటుంది, చలికాలం పొగ కదలదు. 2001లో అక్కడ పాత పొయ్యిలు తీసేసేవాళ్లకు డబ్బు సాయం మొదలుపెట్టారు. కట్టెలతో వెచ్చబెట్టుకునే ఇళ్లు 66 శాతం నుంచి 30కి దిగాయి. చలికాలంలో గాలిలోని సన్నని ధూళి (పీఎం10) సగటు ఘనమీటరుకు 44 మైక్రోగ్రాముల నుంచి 27కి తగ్గింది.

మన దగ్గర ఆ పని 1999లోనే దీపం పథకంతో మొదలైంది, 2016లో ఉజ్వల వచ్చింది. స్టవ్ ఇచ్చారు, కనెక్షన్ ఇచ్చారు. తేలాల్సింది మొదటిది అయిపోయాక సొంత డబ్బుతో కొనాల్సిన రెండో సిలిండర్ దగ్గర. గ్యాసుకు పోటీ కిరోసిన్ కాదు, చేను పక్కన ఊరికే దొరికే కందికట్టె, పత్తికట్టె. సున్నా ధరతో ఎవరు పోటీ పడతారు? తమిళనాడుతో పాటు మరో మూడు దేశాల్లో 3,200 మంది గర్భిణులతో జరిగిన ఒక పరిశోధనలో సగంమందికి స్టవ్వుతో పాటు గ్యాసు కూడా 18 నెలలు ఉచితంగా ఇంటికే చేర్చారు. వాళ్లు కట్టెల పొయ్యి దాదాపు మానేశారు. పీల్చే సూక్ష్మ ధూళి మిగతావాళ్లకు 70 మైక్రోగ్రాముల దగ్గరుంటే వీళ్లకు 24. (పుట్టిన బిడ్డల బరువులో మాత్రం తేడా కనపడలేదు, అదీ చెప్పాలి.)

అందుకే నా ఓటు రీఫిల్లు చవక చేయడానికే. ఆంధ్రలో 2024 నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, తెలంగాణలో సిలిండర్ రూ.500. కానీ తెలంగాణ పథకంలో ఒక మెలిక ఉంది: గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి సిలిండర్లు ఇస్తారు. అంటే కట్టెలు ఎక్కువగా కాల్చిన ఇంటికే తక్కువ సిలిండర్లు! పైగా ముందు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. కూలి డబ్బులతో ఇల్లు నడిపేవాళ్లకు ఆ 'తర్వాత' చాలా దూరం.

ఇండక్షన్ స్టవ్ మంచిదే, కరెంటు పోనంత వరకు.

అయితే మా వీధి పొగ వంటది కాదు, స్నానాల నీళ్లది. దాని గురించి ఏ పథకమూ మాట్లాడదు. బకెట్ నీళ్లు కాగడానికి సుమారు అర యూనిట్ కరెంటు. రోజుకు ఐదు బకెట్లనుకున్నా నెలకు 75 యూనిట్లు. తెలంగాణ గృహజ్యోతి పథకంలో తెల్లకార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమే. ఈ లెక్కంతా అమ్మకు చెప్పి మరీ గీజర్ పెట్టించాను.

"రెండొందలు దాటితే మొత్తం బిల్లు కట్టాలంటగా" అంది, మీటరు వంక చూస్తూ.

నేనున్న నాలుగు రోజులూ గీజర్ నీళ్లే. బస్సెక్కిన మర్నాడు ఫోన్ చేస్తే, మాటల మధ్యలో దగ్గు.

"పొయ్యి దగ్గరున్నావా?"

"నువ్వు లేవుగా, నా ఒక్కదానికి కరెంటెందుకు?"