పిట్టల జలకాలాటకు సోనీ 200-600: పెరటి కొలను దగ్గర ఈ లెన్సు ఎంతవరకు పనికొస్తుంది?

ఈ లెన్సును మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా గాల్లో తిరిగే గద్దనో, చెరువు అవతలి గట్టున నిలబడ్డ కొంగనో తీసి చూపిస్తారు. పెరటి కొలను దగ్గర లెక్క తలకిందులవుతుంది. పిట్ట నాలుగైదు మీటర్ల దూరంలోనే ఉంటుంది, ఉండేది చెట్టు నీడలో, మునిగేది రెండు వేళ్ల లోతు నీళ్లలో. అంతా కలిపి నిమిషం కూడా పట్టని సంబరం. దూరాన్ని దగ్గర చేసే శక్తికి అక్కడ పెద్దగా పని లేదు. ఎంత దగ్గరలో ఫోకస్ పడుతుంది, ఫ్రేమును ఎంత చప్పున వెడల్పు చేయొచ్చు, నీడలో ఎంత వెలుగు రాబడుతుంది అన్న మూడు ప్రశ్నలతోనే ఈ లెన్సును తూచాలి. మొదటిదానికి పర్వాలేదు, రెండోదానికి భేష్, మూడోదానికి సర్దుకుపోక తప్పదు.

పూర్తి పేరు సోనీ ఎఫ్‌ఈ 200-600 ఎంఎం ఎఫ్/5.6-6.3 జీ ఓఎస్‌ఎస్. 200-600 అన్నది మిల్లీమీటర్లలో జూమ్ పరిధి, అంకె పెరిగేకొద్దీ పిట్ట పెద్దదవుతుంది, ఫ్రేము ఇరుకవుతుంది. ఎఫ్ పక్కనున్నది అపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం లెక్క, ఆ అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది. 2019లో వచ్చింది. ట్రైపాడ్‌కు బిగించే కాలి మౌంటు తీసేస్తే బరువు 2,115 గ్రాములు, ముందు ఫిల్టర్ సైజు 95 మి.మీ. కనీస ఫోకస్ దూరం 2.4 మీటర్లు, గరిష్ఠ మాగ్నిఫికేషన్ 0.2 రెట్లు, అంటే సెన్సరు మీద పడే బొమ్మ అసలు సైజులో ఐదో వంతు. 36 మి.మీ. వెడల్పు సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద దీని అర్థం ఏమిటంటే, ఎంత దగ్గరికి జరిగినా ఫ్రేము వెడల్పు 18 సెంటీమీటర్ల కంటే తగ్గదు. 15 సెంటీమీటర్ల పిచ్చుకకు అది చాలు. అరచేతిలో ఇమిడిపోయే తేనెపిట్టను ఫ్రేము నిండా తీయాలంటే చాలదు. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకూ బాడీకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) కొని ఆ లోటు తీర్చుకుందామనుకుంటే డబ్బు దండగ. 16 మి.మీ. ట్యూబు చిన్న లెన్సులకు వెన్నుదన్ను గానీ, 600 దగ్గర అది కలిపేది నామమాత్రం. చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ బాడీ తగిలించడమో, ఫుల్ ఫ్రేమ్ ఫొటోనే కత్తిరించుకోవడమో మేలు. బొమ్మను 1.4 రెట్లు పెంచే కన్వర్టర్ పెట్టొచ్చు, కానీ అపర్చర్ ఎఫ్/9కి పడిపోతుంది. నీడలోని కొలను దగ్గర ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

కొత్తగా కొన్నవాళ్లు చేసే మొదటి తప్పు జూమ్ రింగును 600 దగ్గర బిగించినట్టు వదిలేయడం. నీళ్లు తాగే పిట్టకు అది సరే. స్నానం చేసే పిట్టకు కాదు. ఐదు మీటర్ల దూరంలో, 600 దగ్గర ఫ్రేము వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు. పిచ్చుక రెక్కలు విప్పితేనే 22 సెంటీమీటర్ల దాకా వస్తుంది, అది చిమ్మే నీటి చుక్కలు ఇరువైపులా ఇంకో జానెడు మేర లేస్తాయి. అంటే సగం చుక్కలు ఫ్రేము అంచున తెగిపోతాయి. స్నానం బొమ్మకు కావలసిన వెడల్పు 50 నుంచి 60 సెంటీమీటర్లు. ఐదు మీటర్ల నుంచి అది 300, 360 మధ్య వస్తుంది. గోరింకకు 250 అవసరం కావచ్చు.

జూమ్ వెనక్కి లాగితే ఇంకో లాభం కూడా ఉంది. నాలుగు మీటర్ల దూరాన 600, ఎఫ్/6.3 దగ్గర స్పష్టంగా ఉండే లోతు రెండు సెంటీమీటర్లకు మించదు. కన్ను పదునుగా వస్తే ముక్కు కొస మసకబారుతుంది, పిట్ట తల తిప్పితే రెండూ పోతాయి. 2.4 మీటర్ల దగ్గరైతే సెంటీమీటరే. అదే ఐదు మీటర్ల నుంచి 300 దగ్గర ఎఫ్/5.6కే పది సెంటీమీటర్ల వరకు లోతు దొరుకుతుంది, పిట్ట మొత్తం, దాని చుట్టూ లేచే చుక్కల్లో సగమైనా పదునుగా వస్తాయి. నష్టం నేపథ్యానికి. 600 దగ్గర పాలమీగడలా కరిగిపోయిన వెనకటి ఆకులు 300 దగ్గర ఆకుల్లాగే కనిపిస్తాయి. కొలను వెనక కనీసం నాలుగు మీటర్ల దాకా ఏ గోడా పొదా లేకుండా చూసుకుంటే ఈ నష్టం చాలావరకు పూడుతుంది.

ఇక్కడే ఈ లెన్సు తన తోటివాటి కంటే ముందుంటుంది. జూమ్ లోపలే జరుగుతుంది, గొట్టం పొడవు మారదు. మాటులో కూర్చుని గుడ్డ కంతలోంచి తీసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ముందుకు పొడుచుకొచ్చే గొట్టం కదలికను పిట్టలు ఇట్టే పసిగడతాయి, తడిసిన రెక్కలతో సరిగ్గా ఎగరలేవు కాబట్టి స్నానం వేళ మరీ బెదురుతాయి. రింగు తిప్పాల్సిన మేర కూడా తక్కువ, 600 నుంచి 300కి ఒక్క మణికట్టు తిప్పుతో వచ్చేస్తుంది. బరువు ముందుకూ వెనక్కూ జరగదు కాబట్టి బరువైన లెన్సును ట్రైపాడ్ మీద తేలిగ్గా తిప్పనిచ్చే జింబల్ తలకాయ మీద బ్యాలెన్స్ చెదరదు. కొలను ముందు ఇంతకంటే ఉపయోగపడే గుణం ఈ లెన్సులో ఇంకోటి లేదు.

ఆటోఫోకస్ వేగం చాలు. తంటా వచ్చేది నీళ్లతోనే. పిట్ట రెక్క కొట్టగానే పిట్టకూ లెన్సుకూ మధ్య చుక్కల తెర లేస్తుంది, ఫోకస్ ఆ తెర మీదికి దూకుతుంది. లెన్సు మీద ఉన్న ఫోకస్ లిమిటర్‌ను 10 మీ. - 2.4 మీ. స్థానంలో పెట్టండి, వెనకటి చెట్ల వైపు పరుగెత్తకుండా ఆగుతుంది. చుక్కల సంగతి బాడీ మెనూలో చూసుకోవాలి. ఏఎఫ్ ట్రాకింగ్ సెన్సిటివిటీని 1 లేదా 2కి తగ్గిస్తే, అడ్డొచ్చిన చుక్కను చూసి తొందరపడకుండా పిట్టనే పట్టుకుని ఉంటుంది. పక్షి కన్ను గుర్తించే సదుపాయం ఉన్న బాడీలైతే ఇంకో చిలిపి పని చేస్తాయి: నీళ్లలో ప్రతిబింబం తేటగా ఉంటే ఆ కంటిని పట్టుకుంటాయి. ప్రతిబింబం ఫోకస్ దూరం పిట్ట దూరం కంటే కాస్త ఎక్కువ, కాబట్టి అసలు పిట్ట మసకబారవచ్చు. ఫ్రేము మొత్తానికి కాకుండా పైసగానికి మాత్రమే ఫోకస్ జోన్ పెడితే ఈ గొడవ ఉండదు.

షట్టర్ విషయంలో మొహమాటం వద్దు. చుక్కలు ముత్యాల్లా గడ్డకట్టినట్టు రావాలంటే సెకనులో 1/2000 నుంచి 1/3200 వంతు కావాలి. 1/1000 దగ్గర పిట్ట తల బాగానే వస్తుంది గానీ రెక్క కొసలు, చుక్కలు గీతలు గీతలుగా సాగుతాయి. అలా సగం సగం వచ్చిన బొమ్మ కంటే ఏకంగా 1/60 దాకా దిగిపోవడం నయం. తల నిలకడగా ఉన్న క్షణం దొరికితే చుట్టూ నీళ్లు దూదిలా తిరుగుతాయి. పదిలో తొమ్మిది పాడవుతాయి, ఆ పదోదాని కోసమే ఆ తాపత్రయం. 1/60కి లెన్సులోని వణుకు తగ్గించే స్టెబిలైజర్‌ను మోడ్ 1లో ఉంచండి, మోడ్ 2 పక్కకు తిప్పుతూ తీసేవాటికి. బీన్ బ్యాగ్ (గింజలు నింపిన సంచి) మీద 1/2000తో తీసేటప్పుడు అది ఉన్నా లేకున్నా తేడా తెలియదు.

ఇక వెలుగు. ఎండ ఉన్న రోజు, పైన ఆకాశం తెరిపిగా ఉన్న నీడలో ఎఫ్/6.3, 1/2000 పెడితే ఐఎస్‌ఓ 2000 దగ్గర ఆగుతుంది (చాలని వెలుగును కెమెరా పెంచుకునే లెక్క ఇది, ఎంత పెరిగితే బొమ్మ అంత గరుకెక్కుతుంది). చెట్ల కింద చిక్కటి నీడలో అదే 8000 దాటుతుంది. ఈకల మీది సన్నటి గీతలు ముందు చెరిగేది అక్కడే. 300 దాటగానే అపర్చర్ ఎఫ్/6.3కి మారుతుంది కాబట్టి, 300 లోపు తీస్తే మూడో వంతు స్టాపు మిగులుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు). పెద్ద ఊరట కాదు. లెన్సును తిట్టుకోవడం కంటే కొలను ఉన్న చోటు మార్చడం సులువు: ఉదయం ఎండ పక్క నుంచో, కొంచెం వెనక నుంచో ఒక గంట సేపైనా నీళ్ల మీద పడే చోటు వెతకండి. వెనక నుంచి వచ్చే ఎండకు చుక్కలు మెరుస్తాయి, నేపథ్యం చీకటిగా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను −1 నుంచి −1.7 దాకా తగ్గించాలి, లేకపోతే చుక్కలన్నీ తెల్లటి మచ్చలవుతాయి.

నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ గురించి తరచూ అడుగుతారు. 95 మి.మీ. పోలరైజర్ ఖరీదైన వస్తువు, దాదాపు ఒకటిన్నర స్టాపు వెలుగు మింగేస్తుంది. నీటి మీద అది గట్టిగా పనిచేసేది నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల పై నుంచి చూసినప్పుడు. కొలను ఫొటోలు తీసేది ఐదారు డిగ్రీల నుంచి. పైగా అది చెరిపేది మనం కోరుకునే ప్రతిబింబాన్నే. వద్దు.

ప్రతిబింబం మాట వచ్చింది కాబట్టి, కెమెరాను ఎంత కిందికి దించితే అంత మంచిదన్న సలహా సగమే నిజం. ఐదు మీటర్ల దూరంలో నిలబడ్డ 12 సెంటీమీటర్ల ఎత్తు పిట్ట ప్రతిబింబం తోక నుంచి తలదాకా కనిపించాలంటే పిట్ట ముందు ఎంత నీరు కావాలో లెక్క వేయండి. లెన్సు నీటి మట్టానికి 15 సెంటీమీటర్ల పైన ఉంటే రెండు మీటర్లకు పైగా నీరు పరుచుకుని ఉండాలి. అదే లెన్సును 48 సెంటీమీటర్లకు లేపితే మీటరు చాలు. చిన్న కొలను ముందు నేలకు కరుచుకుని పడుకున్నవాళ్లకు తల తెగిన ప్రతిబింబాలు రావడానికి కారణం ఇదే. తాగే పిట్టకు ప్రతిబింబం కావాలి కాబట్టి లెన్సు ఎత్తులో ఉండాలి. స్నానం మొదలయ్యాక నీరు ఎలాగూ చెదిరిపోతుంది, అప్పుడు 15 సెంటీమీటర్లకు దిగిపోవచ్చు. దిగేటప్పుడు ఈ లెన్సు లావు అడ్డొస్తుంది: గొట్టం వ్యాసమే 11 సెంటీమీటర్ల పైచిలుకు, హుడ్ ఇంకా వెడల్పు. కాలి మౌంటును పట్టి ఉంచే కాలర్ వదులు చేసి కాలు పైకి తిప్పి, గొట్టాన్ని నేరుగా బీన్ బ్యాగ్ మీద ఆనిస్తే నాలుగు వేళ్లు కలిసొస్తాయి. ఆ కాలికి ట్రైపాడ్ తలకాయలో నేరుగా బిగిసే ఆర్కా గాడులు లేకపోవడం మాత్రం విసుగు పుట్టించే పిసినారితనం, ప్లేటు విడిగా కొనాల్సిందే.

కొలను గట్టు ఎత్తు కూడా ఇందులో భాగమే. నీళ్లు అంచు దాకా నింపకపోతే దగ్గరి గట్టు ఫ్రేము అడుగున మసక పట్టీలా పడుతుంది. లోతు ఒక అంచున ఒకటి రెండు సెంటీమీటర్లతో మొదలై ఐదారుకు మించకూడదు, అడుగు గరుకుగా ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ మీద కాళ్లు జారితే పిట్ట తాగి వెళ్లిపోతుంది, మునగదు. పక్కనే నీటికి జానెడు ఎత్తులో ఒక కొమ్మ గుచ్చండి. స్నానం ముగిశాక ఒళ్లు విదిలించుకుని ఈకలు దువ్వుకునేది దాని మీదే, కొమ్మ సెన్సరుకు సమాంతరంగా ఉంటే 600 దగ్గర కూడా మొత్తం పదునుగా వస్తుంది. నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చి అడుగు బ్రష్షుతో రుద్దాలి, సబ్బు వాడకూడదు. దోమ గుడ్డు రెక్కలు తొడగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ఆ బెడదా ఉండదు. పిల్లులు దాక్కునే పొద నీటికి రెండు మీటర్ల లోపు ఉంటే ఎంత మంచి లెన్సూ వృథా.

బాడీ సంగతి ఒక్క ముక్క. మెకానికల్ షట్టర్ చప్పుడు ఐదు మీటర్ల దూరానికి బాగా వినిపిస్తుంది. సైలెంట్‌గా తీద్దామని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే, బొమ్మను వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్ లేని బాడీల్లో రెక్కలు వంగి, గుండ్రటి చుక్కలు ఏటవాలు గుడ్లలా వస్తాయి. సోనీ ఏ1, ఏ9 వరస బాడీల్లో ఆ బాధ తక్కువ, ఫ్రేము మొత్తాన్ని ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ ఉన్న ఏ9-3లో అసలే లేదు. మిగతావాళ్లు మెకానికల్‌నే వాడి, మొదటి రెండు మూడు రోజులు ఫొటోల మీద ఆశ పెట్టుకోకుండా పిట్టలకు ఆ చప్పుడు అలవాటు చేయడం మేలు.

పోటీలో ఉన్నవాటిలో కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500 కొలనుకు దీనికంటే ఒక విషయంలో బాగా ముందుంది: 500 దగ్గర 1.2 మీటర్లకే ఫోకస్ పడుతుంది, మాగ్నిఫికేషన్ 0.33 రెట్లు, బరువు 1,370 గ్రాములే. తేనెపిట్టలే లోకమైనవాళ్లకు అదే సరైనది. కానీ చివర్లో అపర్చర్ ఎఫ్/7.1, జూమ్ చేస్తే గొట్టం బయటికి పొడుచుకొస్తుంది. నికాన్ జెడ్ 180-600 కూడా జూమ్ లోపలే జరిగే రకం, 600 దగ్గర దాని కనీస దూరమూ 2.4 మీటర్లే, 180 దగ్గర మాత్రం 1.3కి దిగుతుంది. సోనీ, నికాన్ రెండింటిలో ఏది అన్నది చేతిలో ఉన్న బాడీ తేలుస్తుంది, లెన్సు కోసం బాడీ మార్చేంత తేడా లేదు.

పిచ్చుక, పిగిలిపిట్ట, గోరింక సైజు పిట్టలు వచ్చే కొలను ఉండి, నాలుగున్నర నుంచి ఐదు మీటర్ల దూరంలో మాటు వేసే చోటు ఉంటే కొనొచ్చు. మాటుకూ నీటికీ మధ్య మూడు మీటర్లు కూడా లేకపోతే, లేదా కొలను మీద రోజంతా ఒక్క ఎండపొడ కూడా పడకపోతే, ఈ లెన్సు తీసుకోకండి.