పెకింగ్ వేధశాల: పాత ఫొటోలు, అచ్చు బొమ్మలు, స్వయంగా వెళ్లి చూడటం – ఏది మేలు?

బీజింగ్ (పాత పేరు పెకింగ్) నగరంలోని ప్రాచీన వేధశాలను 1442లో, మింగ్ చక్రవర్తుల కాలంలో, నగరపు కోటగోడ మీద కట్టారు. దాని గురించి తెలుసుకోవాలంటే మూడు దారులున్నాయి. ఫెర్డినాండ్ వెర్బీస్ట్ 1674లో వెలువరించిన చెక్క అచ్చు బొమ్మలు, 1871–72లో స్కాట్లాండ్ ఫొటోగ్రాఫర్ జాన్ థామ్సన్ తీసిన ఫొటోలు, లేదంటే స్వయంగా వెళ్లి చూసి రావడం. నన్నడిగితే థామ్సన్ ఫొటోలకే పెద్దపీట.

యంత్రాల పనితీరు ముఖ్యమనుకునేవారికి మాత్రం వెర్బీస్ట్ బొమ్మలే మేలు. ఛింగ్ వంశపు కాంగ్షీ చక్రవర్తి కొలువులోని ఈ జెసూట్ (ఒక క్యాథలిక్ క్రైస్తవ సంఘం) మతగురువు 1669–73 మధ్య ఆకాశాన్ని పరిశీలించే ఆరు కంచు యంత్రాలు చేయించాడు. ఏ వలయం ఎటు తిరుగుతుందో, అంత బరువును కప్పీలతో ఎలా ఎత్తుతారో, చేయించినవాడే బొమ్మల్లో విడమరిచి చూపాడు. ఫొటోలో ఆ వివరం దొరకదు.

థామ్సన్ వాడింది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకకు రసాయనం పూసి, ఆరేలోపే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. ఆ పలక నీలి కాంతికి అతిగా స్పందిస్తుంది కాబట్టి ఆకాశం ఉత్త తెల్లగా వస్తుంది. వలయాల మీద చెక్కిన సన్నని డిగ్రీల గీతలు చదవడమూ కష్టమే. ఇన్ని లోపాలున్నా, ఈ ఫొటోలు చూపేది మరెక్కడా దొరకదు. పైన అరుగు మీద వెర్బీస్ట్ యంత్రాలు, కింద ఆవరణలో డ్రాగన్లు మోస్తున్న మింగ్ కాలపు వలయ గోళం (గ్రహ నక్షత్రాల స్థానాలు కొలిచే వలయాల చట్రం), ఎక్కడివి అక్కడే కనిపిస్తాయి.

ఆ అమరిక ఎక్కువ కాలం నిలవలేదు. 1900లో, విదేశీయుల మీద చైనాలో లేచిన బాక్సర్ తిరుగుబాటును అణచడానికి వచ్చిన విదేశీ సైన్యాల్లో ఫ్రెంచివారు, జర్మన్లు యంత్రాలను పంచుకున్నారు. ఇది పట్టపగటి దోపిడీ, మరో మాట లేదు. ఫ్రాన్స్ తన వాటాను రాయబార కార్యాలయంలో ఉంచుకుని 1902లో తిరిగిచ్చింది. జర్మనీ పోట్స్‌డామ్‌కు తరలించినవి, మొదటి ప్రపంచ యుద్ధానంతర వర్సాయ్ ఒప్పందంలోని 131వ అధికరణం పుణ్యమా అని 1921లో గానీ తిరిగి రాలేదు. 1930లలో మింగ్ కాలపు యంత్రాలు నాన్‌జింగ్‌కు వెళ్లాయి. అసలువి ఇప్పటికీ అక్కడి పర్పుల్ మౌంటెన్ వేధశాలలోనే ఉన్నాయి.

కాబట్టి ఇప్పుడు బీజింగ్ వెళ్లేవారికి అరుగు మీద ఛింగ్ కాలపు ఎనిమిది యంత్రాలు కనిపిస్తాయి గానీ, పైన ఛింగ్ యంత్రాలు, కింద అసలు మింగ్ యంత్రాలు అనే ఆ పాత జోడీ కనిపించదు. కోటగోడ చాలా మేరకు పోయింది, చుట్టూ పెద్ద రహదారులు. మనిషిని మించిన ఎత్తున నిలిచిన ఖగోళ గోళం (నక్షత్రాల స్థానాలు చూపే గోళం) పక్కన నిలబడితే దాని పరిమాణం మీద కలిగే అంచనా మాత్రం ఏ ఫొటో ఇవ్వలేదు. వీలున్నవారు తప్పక వెళ్లాలి, అయితే ఫొటోలు చూశాకే వెళ్లాలి.

థామ్సన్ గాజు పలకలు లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్‌లో ఉన్నాయి, వాటి ప్రతులు ఆన్‌లైన్‌లో ఉచితం. పెద్దవి చేసి, వలయాలను మోసే డ్రాగన్ల పొలుసులు, గోళ్ల దగ్గర ఆగి చూడండి. కంచు పోత పోసినవారి పనితనం అక్కడ తెలుస్తుంది.