ఎక్స్‌వీ6తో కెర్నల్ నేర్చుకోవడం: చాలాకాలం వాడాక నా సమీక్ష

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని, ప్రోగ్రాములని నడిపించే అసలు భాగం) పని నేర్చుకోవాలని ఎవరడిగినా నేను మొదట చెప్పే పేరు ఎక్స్‌వీ6. 1975 నాటి యునిక్స్ ఆరో ఎడిషన్ పద్ధతిలో, ఎంఐటీ వాళ్లు తమ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) కోర్సు కోసం 2006లో రాసుకున్న చిన్న కెర్నల్ ఇది. మొదట్లో ఎక్స్86 రకం ప్రాసెసర్ మీద నడిచేది, ఇప్పుడు రిస్క్-ఫైవ్ రకం మీద నడుస్తోంది. కెర్నల్ కోడ్ మొత్తం పది వేల లైన్ల లోపే. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ చాలాకాలంగా దీనితోనే కూర్చుంటున్నాను.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓఎస్ సబ్జెక్ట్ అంటే ఎక్కువగా రౌండ్ రాబిన్‌కి గాంట్ చార్ట్ గీయడం, పేజ్ రీప్లేస్‌మెంట్ లెక్కలు చేయడం. మార్కులు వస్తాయి. ఒక ప్రాసెస్ ఆగి ఇంకోటి మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలియదు. ఎక్స్‌వీ6లో ఆ పని చేసేది ఒక బుల్లి అసెంబ్లీ ఫంక్షన్. పాత 14 రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులు) దాచి, కొత్త 14 తెచ్చుకుని రిటర్న్ అవుతుంది, అంతే. దాన్ని పిలిచింది ఒక ప్రాసెస్, అది తిరిగి వెళ్లేది తర్వాత ఏ ప్రాసెస్ నడవాలో ఎంచే షెడ్యూలర్‌లోకి. జీడీబీ అనే డీబగ్గర్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపిస్తూ ఇది కళ్లారా చూసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

చాలామంది సొంత బూట్‌లోడర్‌తో (మెషిన్ ఆన్ కాగానే కెర్నల్‌ని మెమరీలోకి తెచ్చే ప్రోగ్రామ్) మొదలుపెడతారు. 512 బైట్ల బూట్ సెక్టార్, రియల్ మోడ్, ఏ20 లైన్, జీడీటీ... ఎక్స్86 పాత చరిత్రంతా మోయాలి. తేడా వస్తే ట్రిపుల్ ఫాల్ట్, ఒక్క ముక్క మెసేజ్ లేకుండా మెషిన్ రీసెట్. కొత్తవాళ్లు అక్కడే విసిగిపోయి వదిలేస్తారు. ఆ దారి చెడ్డదని కాదు, అది రెండోసారికి ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు చోట్ల టెన్షన్ పడతారు. ఇప్పటి ఎక్స్‌వీ6కి క్యూఈఎంయూ (వేరే కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) 7.2 గానీ ఆపైది గానీ కావాలి. ఉబుంటు 22.04లో వచ్చేది 6.2, కాబట్టి కొత్త ఉబుంటుకి మారాలి, లేదా సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవాలి. రెండోది జీడీబీ. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉన్న సెట్టింగ్స్ ఫైల్‌ని అది భద్రత కోసం లోడ్ చేయదు. ఆ ఫోల్డర్ నమ్మదగినదని హోమ్ ఫోల్డర్‌లోని జీడీబీ సెట్టింగ్స్‌లో రాస్తే సరిపోతుంది. మామూలు జీడీబీ కాకుండా, వేరే రకం ప్రాసెసర్ల కోడ్ కూడా అర్థం చేసుకునే మల్టీఆర్క్ రకం వేసుకోండి.

ఇక అసలు సంగతి, పానిక్, అంటే కోలుకోలేని తప్పు వచ్చి కెర్నల్ తనంతట తాను ఆగిపోవడం. కెర్నల్‌ట్రాప్ పానిక్ రాగానే తెర మీద మూడు విలువలు పడతాయి. ఎస్‌కాజ్ కారణం చెబుతుంది: 13 అయితే చదవబోయి పేజ్ ఫాల్ట్ (అనుమతి లేని లేదా లేని మెమరీ అడ్రస్‌ని తాకడం), 15 అయితే రాయబోయి పేజ్ ఫాల్ట్, 2 అయితే చెల్లని ఇన్‌స్ట్రక్షన్. ఎస్‌ఈపీసీ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగిందో, ఎస్‌టీవాల్ ఏ అడ్రస్‌ని తాకబోయిందో చెబుతాయి. ఎస్‌ఈపీసీ విలువను బిల్డ్‌తో పాటే తయారయ్యే అసెంబ్లీ లిస్టింగ్‌లో వెతికితే నేరుగా మన సీ లైన్ దొరుకుతుంది. ఎస్‌టీవాల్ సున్నాకి దగ్గరగా ఉంటే దాదాపుగా అది నల్ పాయింటరే.

ఈ కెర్నల్ రాసినవాళ్ల మీద నాకు గౌరవం పెంచిన విషయం ఇంకొకటుంది. కొత్తగా ఇచ్చే ప్రతి పేజీని 05 బైట్లతో, వెనక్కి తీసుకున్న ప్రతి పేజీని 01 బైట్లతో నింపుతారు. తప్పు అడ్రస్ 0505 అని వరుసగా కనిపిస్తే విలువ పెట్టకుండానే వాడామని, 0101 అని కనిపిస్తే వదిలేసిన మెమరీని మళ్లీ తాకామని అర్థం. ఇది తెలిస్తే గంటల వెతుకులాట నిమిషాల్లో తేలిపోతుంది. కానీ మొదట్లో దీన్ని ఎవరూ పనిగట్టుకుని చెప్పరు.

లాకుల (ఒకే డేటాని ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే తాళాలు) తప్పులు వీటికంటే కష్టం. మామూలుగా మూడు సీపీయూలతో నడుస్తుంది కాబట్టి అదే కోడ్ ఒకసారి పనిచేసి ఇంకోసారి చెడుతుంది. ముందు ఒకే సీపీయూతో నడిపి చూడాలి. అప్పుడు తప్పు మాయమైతే సీపీయూల మధ్య పోటీని అనుమానించాలి. మధ్యలో ప్రింట్‌ఎఫ్ పెడితే టైమింగ్ మారి అసలు తప్పు దాక్కోవచ్చు. సిస్టమ్ బిగుసుకుపోతే జీడీబీలో కంట్రోల్-సీ కొట్టి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే జాబితా) అడగండి. ఒక్కో సీపీయూ ఒక్కో థ్రెడ్‌గా కనిపిస్తుంది. రెండు సీపీయూలు లాక్ కోసం తిరుగుతూ దొరికితే, ఏది ఏ వరుసలో లాక్ తీసుకుందో కాగితం మీద రాసుకోవడమే మిగిలిన పని.

ఫైల్ సిస్టమ్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. డిస్క్ ఇమేజ్ ఒక పరుగు నుంచి ఇంకో పరుగుకి అలాగే ఉంటుంది. నిన్న పాడైన ఇమేజ్ మీద ఈరోజు సరైన కోడ్ కూడా తప్పుగా నడుస్తుంది. ఆ ఇమేజ్ ఫైల్ తీసేసి మళ్లీ బిల్డ్ చేయండి. ఏ మార్పు చేసినా చివర్లో ఎక్స్‌వీ6తోనే వచ్చే యూజర్‌టెస్ట్స్ అనే పరీక్షల ప్రోగ్రామ్ నడపాల్సిందే. షెల్ బాగా వచ్చిందని తృప్తి పడకూడదు.

లోపాలు లేకపోలేదు. నెట్‌వర్క్ లేదు, గ్రాఫిక్స్ లేదు, అసలు హార్డ్‌వేర్ ఇబ్బందులు క్యూఈఎంయూలో సగం కూడా కనిపించవు. ఒక ఫైల్ 268 కేబీ దాటదు. ఒక్కో ప్రాసెస్ కెర్నల్ స్టాక్ 4096 బైట్లే కాబట్టి ఫంక్షన్‌లో పెద్ద అరే పెట్టడానికి లేదు. ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉండటంతో జీడీబీ కొన్ని వేరియబుల్స్ చూపించదు. దీనితో పాటు ఇచ్చే పుస్తకం చాలా బాగుంటుంది, కానీ ఇంగ్లీషులోనే ఉంది. ట్రాప్‌ల (ప్రోగ్రామ్ నుంచి కెర్నల్‌లోకి అదుపు మారే సందర్భాలు) అధ్యాయం మొదటిసారి అర్థం కాకపోతే కోడ్ పక్కన పెట్టుకుని మళ్లీ చదవాలి.

సీలో పాయింటర్లు, స్ట్రక్ట్‌లు, బిట్ ఆపరేషన్లు తడుముకోకుండా రాయగలిగితే ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. అసెంబ్లీ ముందే రావాల్సిన పని లేదు, కావలసినంత ఇక్కడే వస్తుంది. పాయింటర్ల దగ్గర ఇంకా తడబడుతుంటే మాత్రం ముందు లింక్డ్ లిస్ట్, చిన్న మెమరీ అలొకేటర్ సొంతంగా రాసి రండి.